ప్రళయానికి సమీకరణాల సాక్ష్యం



కొన్నేళ్ళ క్రితం ఒక చాతుర్మాస్య సభలో భాగవత ద్వాదశస్కంధంలోని ప్రళయ చతుష్టయాన్ని గురించి ప్రసంగిస్తున్నాను. ప్రాకృత ప్రళయ ఘట్టానికి వచ్చేసరికి ఉత్సాహం పొంగి, "మన పౌరాణికులు చెప్పినదానినే నేటి ఖగోళశాస్త్రజ్ఞులు బిగ్ రిప్ అనే పేరుతో అంగీకరిస్తున్నారు" అని ఉద్ఘాటించాను. సభ కరతాళధ్వనులతో మార్మోగింది. సభ ముగిశాక భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి నమస్కరించి, ఎంతో వినయంగా అడిగింది: "గురువుగారూ, రేపు ఆ బిగ్ రిప్ లెక్క తప్పని తేలితే ద్వాదశస్కంధం కూడా తప్పయినట్లేనా అండీ?"

ఏదో సమాధానం చెప్పాను. అది సమాధానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శాస్త్రాన్ని పొగుడుతున్నాననుకుని దానిని ఒక తాత్కాలిక ఊహకు పూచీగా పెట్టివచ్చానన్న సంగతి అప్పుడు బోధపడింది. ఆ తరువాత ఈ విషయాన్ని నా శక్తిమేరకు అధ్యయనం చేశాను. గణితంలో నేను పండితుడను కాను. గ్రహించినంత మేరకు మీ ముందు ఉంచుతాను.

ముందుగా సింగ్యులారిటీ అనే మాట. దీనిని తెలుగులో "ఏకత్వం" అని అనువదించే అలవాటు ఒకటి బయలుదేరింది. ఆ మాట వినగానే అద్వైతులమైన మనకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాని అద్వితీయ బ్రహ్మవస్తువుతో దానికి ఏ సంబంధమూ లేదు. ఒక రాశి అనంతమైపోయి, సమీకరణం ఇక ముందుకు సాగలేని స్థానాన్ని గణితజ్ఞులు ఆ పేరుతో పిలుస్తారు. అది ఒక వస్తువు కాదు, ఒక ప్రదేశమూ కాదు. సిద్ధాంతం తన పరిమితిని తానే ప్రకటించుకునే చోటు అది.

ఈ చర్చకు పునాది పడినది మన దేశంలోనే కావడం సంతోషకరం. కలకత్తాలో పనిచేస్తుండిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఒక సమీకరణాన్ని ప్రకటించారు. స్వేచ్ఛగా పతనమవుతున్న కణాల మార్గాలు పరస్పరం ఎలా సమీపిస్తాయో, ఎలా దూరమవుతాయో అది చెబుతుంది. గురుత్వం ఆకర్షకమే అయినంతకాలం, ఒకసారి దగ్గరపడనారంభించిన మార్గాలు పరిమిత కాలంలో కలుసుకోక తప్పదని దాని తాత్పర్యం. 1965లో పెన్‌రోజ్, 1970లో హాకింగ్, పెన్‌రోజ్ ఇద్దరూ కలిసి నిరూపించిన ప్రసిద్ధ సిద్ధాంతాలకు ఇదే ఆధారం. కృష్ణబిలాల లోపల, విశ్వారంభంలో సింగ్యులారిటీ అనివార్యమని వారు నిరూపించింది ఈ మార్గంలోనే.

భవిష్యత్తు మాట 1998లో తలకిందులయింది. దూరపు సూపర్‌నోవాలను పరిశీలించిన రెండు బృందాలు విశ్వవిస్తరణ మందగించడం లేదని, వేగం పుంజుకుంటున్నదని కనుగొన్నాయి. 2011లో ఆ ఆవిష్కరణకు నోబెల్ బహుమతి లభించింది. విశ్వమంతటి ప్రమాణంలో ఆకర్షణకు బదులు వికర్షణ నడుస్తున్నదన్నమాట. దానికి కారణమైనదానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టారు. పేరు పెట్టడమే కాని, అది ఏమిటో ఇంకా తెలియదు. (దీనిని "కృష్ణశక్తి" అని తెనిగించి మరుక్షణమే వాసుదేవునితో ముడిపెట్టే ఉపన్యాసాలు కూడా విన్నాను. నల్లనిది అన్నంత మాత్రాన నల్లనయ్య కాడు.)

ఈ శక్తి కలిగించే పీడనానికీ దాని సాంద్రతకూ ఉన్న నిష్పత్తి మీద విశ్వభవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. నిష్పత్తి సరిగ్గా మైనస్ 1 అయితే విశ్వం నిరంతరం విస్తరిస్తూ చల్లబడుతూ పోతుంది, ఏ సింగ్యులారిటీ రాదు. అంతకన్నా తక్కువైతే, విశ్వం విస్తరించే కొద్దీ ఆ శక్తి సాంద్రత తగ్గడానికి బదులు పెరుగుతుంది. 2003లో కాల్డ్‌వెల్, కమియోన్‌కోవ్‌స్కీ, వైన్‌బర్గ్ అనే ముగ్గురు ఆ నిష్పత్తిని మైనస్ 1.5గా ఊహించుకుని లెక్క కట్టారు. అంతం సుమారు 2,200 కోట్ల సంవత్సరాల తరువాత వస్తుంది. దానికి 100 కోట్ల ఏళ్ళ ముందు గెలాక్సీ గుచ్ఛాలు విడిపోతాయి. 6 కోట్ల ఏళ్ళ ముందు మన పాలపుంత చెదిరిపోతుంది. 3 నెలల ముందు గ్రహాలు సూర్యుని విడిచిపోతాయి. 30 నిమిషాల ముందు భూమి విస్ఫోటనం చెందుతుంది. చిట్టచివర, సెకనును కోటితో, మరల కోటితో, ఆపై లక్షతో భాగిస్తే మిగిలేంత సూక్ష్మకాలం ఉందనగా పరమాణువులు చీలిపోతాయి. దీనికే బిగ్ రిప్ అని పేరు.

స్థూలం ముందు, సూక్ష్మం పిదప అనే ఈ క్రమమే నన్ను ఆ సభలో మోసపుచ్చింది. దాని సంగతి తరువాత చెబుతాను. ఎందుకంటే కథ ఇక్కడితో ఆగలేదు.

మరుసటి సంవత్సరమే, 2004లో, జాన్ బారో అనే గణితజ్ఞుడు ఇంకొక విచిత్రాన్ని బయటపెట్టారు. ఏ వింత శక్తీ అవసరం లేదు. విశ్వం పరిమాణం పరిమితంగానే ఉంటుంది, విస్తరణ వేగం పరిమితం, సాంద్రత పరిమితం, అయినా ఒకానొక క్షణంలో పీడనం మాత్రం అనంతమైపోవచ్చు. ముందస్తు సూచన లేకుండా వచ్చే అంతం గనుక దీనిని ఆకస్మిక సింగ్యులారిటీ అన్నారు. 2005లో నొజిరి, ఒదింత్సోవ్, త్సుజికావా వీటన్నిటినీ నాలుగు రకాలుగా వర్గీకరించారు. మొదటిది బిగ్ రిప్. రెండవది బారో చెప్పిన ఆకస్మికం. మూడవదానిలో విశ్వం పరిమాణం పరిమితంగా ఉండగానే సాంద్రత, పీడనం రెండూ అనంతమవుతాయి. నాలుగవది అతి సున్నితమైనది. అందులో ఏ భౌతికరాశీ అనంతం కాదు, విస్తరణ మార్పులోని మార్పును లెక్కించే ఉన్నత ప్రమాణాలు మాత్రమే తెగిపోతాయి. అక్కడ నివసించేవారికి ఏమీ జరిగినట్లు కూడా తెలియకపోవచ్చు.

నాలుగు అనగానే ప్రళయ చతుష్టయం స్మరణకు వస్తుంది. నాకూ వచ్చింది. ఆ ఆకర్షణకు లొంగవద్దని మనవి. తరువాతి పరిశోధకులు ఆ పట్టికకు మరికొన్ని చేర్చారు, అప్పుడు మన నాలుగును ఏం చేస్తాం?

ఇక ప్రత్యామ్నాయ గురుత్వ సిద్ధాంతాల వద్దకు వద్దాం. అసలు పాఠం నాకు ఇక్కడే లభించింది. ఐన్‌స్టీన్ సమీకరణాలకు మూలంలో స్థలకాలాల వక్రతను సూచించే ఒక రాశి ఉంటుంది, దానిని ఆర్ అనే అక్షరంతో వ్రాస్తారు. డార్క్ ఎనర్జీ అనే అజ్ఞాత పదార్థాన్ని కల్పించే బదులు, గురుత్వ నియమాన్నే కొంచెం సవరిస్తే ఏమవుతుంది? ఆర్ స్థానంలో ఆర్ మీద ఆధారపడిన మరొక సూత్రాన్ని ఉంచితే? వీటిని ఎఫ్ ఆఫ్ ఆర్ సిద్ధాంతాలంటారు. బుక్‌డాల్ 1970లోనే ఈ మార్గాన్ని పరిశీలించారు. 1980లో స్టారోబిన్‌స్కీ ఆర్ వర్గాన్ని చేర్చి విశ్వారంభంలోని అతివేగ విస్తరణను వివరించారు. 1998 తరువాత ఇదే ఉపాయాన్ని నేటి వేగవృద్ధికి కూడా ప్రయోగించారు.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఇటువంటి నమూనాలలో అనేకం నేటి పరిశీలనలన్నిటితోనూ సరిపోతాయి. నేడు ఆకాశంలో చూచేదాని బట్టి వాటిని విడదీయడం బహుకష్టం. కాని భవిష్యత్తులోకి పొడిగిస్తే ఒకటి బిగ్ రిప్‌కు తీసుకుపోతుంది, ఇంకొకటి ఆకస్మిక సింగ్యులారిటీకి, మరొకటి శాంతంగా శాశ్వత విస్తరణకు. అంతేకాదు, 2008లో ఫ్రోలోవ్ ఇటువంటి నమూనాలలో వక్రత అనంతమయ్యే స్థితి భయపెట్టేంత సమీపంలోనే పొంచి ఉన్నదని చూపారు. దానికి పరిహారం ఏమిటి? ఆర్ వర్గాన్ని మరల చేర్చడం. సృష్ట్యారంభాన్ని వివరించడానికి స్టారోబిన్‌స్కీ చేర్చిన పదమే అంతంలోని సింగ్యులారిటీని కూడా నివారిస్తుందట. ఎంత రమణీయంగా ఉందో చూడండి! సృష్టికీ లయానికీ కారణం ఒక్కటే అని నా నాలుకమీదికి వచ్చేసింది. కరచుకున్నాను.

ఎందుకంటే ఇక్కడ విశ్వాంతం కలంతో చేర్చిన ఒక పదంతో వస్తున్నది, ఇంకొక పదంతో పోతున్నది. 2011లో ఫ్రాంప్టన్, లడ్విక్, షెరర్ ప్రతిపాదించిన లిటిల్ రిప్‌లో బంధాలన్నీ తెగిపోతాయి, కాని సింగ్యులారిటీ ఏ పరిమిత కాలంలోనూ రాదు. మన అభయ్ అష్టేకర్ ప్రభృతులు అభివృద్ధి చేసిన లూప్ క్వాంటం సిద్ధాంతంలో సాంద్రతకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. ఆ హద్దు తాకగానే విస్తరణ సంకోచంగా మారుతుంది గనుక అక్కడ బిగ్ రిప్‌కు చోటు లేదు. అయితే 2009లో పరంప్రీత్ సింగ్ చూపిన దాని ప్రకారం, పీడనం అనంతమయ్యే మృదువైన సింగ్యులారిటీలు ఆ సిద్ధాంతంలోనూ మిగలవచ్చు. మృదువైన అనడంలో ఒక అర్థముంది. స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండెజ్-హాంబ్రీనా, లాస్కోస్ 2004లోనే నిరూపించారు: ఆకస్మిక సింగ్యులారిటీ వద్ద స్వేచ్ఛగా ప్రయాణించే కణం మార్గం తెగిపోదు. పథికుడు దానిని దాటి ముందుకు పోగలడు. సమీకరణానికి అంతమైనది పథికునికి అంతం కానక్కరలేదు.

పరిశీలనలు ఈ ఊహలను ఎలా తుడిచిపెడతాయో కూడా చూశాం. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వెలువడిన గురుత్వ తరంగాలూ గామా కిరణాలూ సుమారు 13 కోట్ల ఏళ్ళు ప్రయాణించి, 1.7 సెకన్ల తేడాతో భూమిని చేరాయి. రెండింటి వేగం ఒక్కటేనని తేలింది. వేగం వేరుగా ఉండాలని చెప్పిన ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు ఒక్కరోజులో కూలిపోయాయి. ఎఫ్ ఆఫ్ ఆర్ వంటివి నిలిచాయి. ఇటీవల అమెరికాలోని ఆరిజోనాలో కిట్ పీక్ శిఖరం మీద పనిచేస్తున్న డెసీ అనే పరికరం 2024లోనూ, 2025లోనూ ప్రకటించిన ఫలితాలలో డార్క్ ఎనర్జీ కాలక్రమేణా బలహీనపడుతున్నదేమో అన్న సూచన కనిపించింది. ఆవిష్కరణ అని ప్రకటించేంత నిశ్చయత దానికి ఇంకా రాలేదు. అదే నిజమైతే బిగ్ రిప్ మరింత వెనుకకు జరుగుతుంది. నా ఉపన్యాసంలోని ఆ వాక్యం ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఇప్పుడు నేను చేసిన పోలిక సంగతి. మొదట అంకెలు. కల్పం అంటే 432 కోట్ల సంవత్సరాలు, అది బ్రహ్మకు పగలు. ప్రాకృత ప్రళయం బ్రహ్మకు నూరేళ్ళు నిండినప్పుడు, అనగా 311.04 లక్షల కోట్ల సంవత్సరాలకు సంభవిస్తుంది. మనం ప్రతిదినం సంకల్పంలో చెప్పుకునే ప్రకారం బ్రహ్మ ఆయుష్షులో ఇది ద్వితీయ పరార్ధం. కనుక ఇంకా సుమారు సగం, 155 లక్షల కోట్లు మిగిలి ఉంది. బిగ్ రిప్ లెక్క 2,200 కోట్లు. రెండింటికీ మధ్య తేడా 7,000 రెట్లు. ఆ సభలో చప్పట్లు కొట్టినవారెవరూ భాగహారం చేయలేదు, చెప్పిన నేనూ చేయలేదు. కల్పప్రమాణం భూమి వయస్సుకు దగ్గరగా ఉన్నదని మురిసిపోవడం కూడా ఇటువంటిదే. భూమి వయస్సు సుమారు 454 కోట్లు. కాని ఈ శ్వేతవరాహ కల్పంలో గడిచినది సంకల్పం ప్రకారం సుమారు 197 కోట్లు మాత్రమే. పోల్చవలసివస్తే ఆ అంకెతో పోల్చాలి, పూర్తికాని కల్పపు మొత్తం అంకెతో కాదు.

అంకెలను అటుంచినా, తత్త్వంలోనే వైరుధ్యముంది. బిగ్ రిప్‌లో జరిగేది విదారణం. బంధం తెగుతుంది, ఖండాలు దూరమవుతాయి, ఆ ఖండాలను స్వీకరించేవారు లేరు. ప్రళయంలో జరిగేది లయం. పృథివి జలంలో, జలం తేజస్సులో, తేజస్సు వాయువులో, వాయువు ఆకాశంలో లీనమవుతాయి. కార్యం తన కారణంలోకి తిరిగిపోతుంది. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ తృతీయపాదంలో లయక్రమం సృష్టిక్రమానికి విపరీతమని చెప్పిన చోట శంకర భగవత్పాదులు మెట్లెక్కినవాడు అదే మెట్ల మీదుగా దిగి రావడాన్ని, కుండ మట్టిగా, మంచుగడ్డ నీరుగా మారడాన్ని దృష్టాంతంగా చూపారు. మెట్లు ఊడిపోవడం అక్కడ లేదు. కుండను వెయ్యి పెంకులుగా పగులగొట్టడం వేరు, కుండ మట్టి కావడం వేరు. మొదటిదాన్ని చూపి రెండవది నిరూపితమయిందని చెప్పిన వ్యాఖ్యాతను విద్యార్థి ప్రశ్నించడం న్యాయమే.

ఇంతకూ మన సంప్రదాయమంతా ప్రళయాన్ని ఏకగ్రీవంగా ఒప్పుకున్నదా? లేదు. ఈ సంగతి సభలలో ఎవరూ చెప్పరు, ఆ రోజు నేనూ చెప్పలేదు. కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సర్వసృష్టినీ సర్వప్రళయాన్నీ నిరాకరించారు. లోకం ఎల్లప్పుడూ ఇలాగే ఉంది, గురుశిష్య పరంపర ఎన్నడూ తెగలేదు, తెగితే వేదనిత్యత్వం నిలవదు అని మీమాంసకుల పక్షం. వేదాన్ని ప్రాణంగా భావించినవారే ప్రళయాన్ని కాదన్నారు! వేదాంతులు ఆ పూర్వపక్షాన్ని తేలికగా తీసుకోలేదు. ప్రథమాధ్యాయ తృతీయపాదంలో భాష్యకారులు చెప్పిన సమాధానంలో నక్షత్రాలు లేవు, దూరదర్శినులు లేవు. గాఢనిద్ర ఉంది. నిద్రించినవాడు లేచి నిన్నటి వ్యవహారాన్ని కొనసాగించినట్లే, ప్రళయానంతరం నామరూపాలు పూర్వకల్పంలోని విధంగానే ప్రకటమవుతాయన్నారు.

ధర్మరాజాధ్వరీంద్రులు వేదాంత పరిభాషలో ఒక అడుగు ముందుకు వేసి నిత్య ప్రళయమంటే సుషుప్తియే అన్నారు. (భాగవతంలోని నిత్య ప్రళయం కొంత వేరు, అక్కడ అనుక్షణం జరిగే పరిణామాన్ని ఆ పేరుతో పిలుస్తారు.) నాకు ఈ మాట అత్యంత ప్రీతికరం. ప్రళయానికి ప్రమాణం కోసం 2,200 కోట్ల ఏళ్ళ అవతలికి పోనవసరం లేదు. ప్రతి రాత్రీ మన జగత్తు మొత్తం, దానితోపాటు దానిని గురించిన భయం కూడా, ఎక్కడికో లీనమై ఉదయానికి తిరిగి వస్తున్నది. ఆ లీనమైన చోటు ఏది అని విచారించేవాడికి శ్రుతి మాట్లాడుతుంది. ఇతర ప్రమాణాలకు అందనిదానిని, ఇతర ప్రమాణాలచేత బాధింపబడనిదానిని తెలిపినప్పుడే శబ్దం ప్రమాణమవుతుంది. గెలాక్సీలు ఎప్పుడు విడిపోతాయన్నది దూరదర్శినికీ గణితానికీ అందే విషయం. దానిని వారికి వదలివేయడంలో శాస్త్రానికి లోటు లేదు.

"అలాగైతే ఆధునిక భౌతికశాస్త్రం మనకు నిష్ప్రయోజనమా?" అని కొందరు మిత్రులు కోపగించారు. కానేకాదు. నేను దాని నుంచి నేర్చుకున్నది చాలా ఉంది, అయితే అది దాని నిర్ణయాల నుంచి కాదు, దాని నియమం నుంచి. తమ సమీకరణం ఎక్కడ చెల్లదో ముందుగా వెతికేవారు వారే. సింగ్యులారిటీ కనిపించగానే "ఇదే సత్యం" అనరు, "మా సిద్ధాంతానికి ఇక్కడ హద్దు" అంటారు. పూర్వపక్షాన్ని ప్రతిపక్షికన్నా బలంగా ప్రతిపాదించి ఆ తరువాత సిద్ధాంతం చెప్పిన మన ఆచార్యులూ అటువంటివారే. మధ్యలో వచ్చిన ఉపన్యాసకులమే ఆ అలవాటు పోగొట్టుకున్నాం.

ఇంకొక మాట, భయపడేవారి కోసం. ఆ ఉపన్యాసం విని "అణువులు కూడా చీలిపోతాయట, మరి ఈ జపతపాలెందుకు?" అని అడిగిన వృద్ధులు కూడా ఉన్నారు. వారికి అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు చెబుతాను. అమ్మా, అయ్యా, ఆ చీలిక ఒక ఊహించిన అంకె మీద నిలిచిన లెక్క. నిలిచినా దానికి 2,200 కోట్ల ఏళ్ళుంది. మీరు భయపడవలసినది దానికి కాదు. నాలుగు ప్రళయాలలో ఆత్యంతికం ఒక్కటే సాధకునికి సంబంధించినది. అది కాలంలో ఒకానొక తేదీన రాదు, జ్ఞానోదయంతో వస్తుంది. విశ్వం విస్తరిస్తున్నా, సంకోచిస్తున్నా, నిలిచి ఉన్నా దానికి భేదం లేదు. ఏ గురుత్వ సిద్ధాంతం గెలిచినా మీ జపమాలలో ఒక్క పూస కూడా తగ్గదు.

ఆ ఉపన్యాసపు కాగితాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. బిగ్ రిప్ ప్రస్తావన ఉన్న పేరాను కొట్టివేసి, అంచున కుమారిలుల పూర్వపక్షాన్ని వ్రాసుకున్నాను. వచ్చే చాతుర్మాస్యంలో అదే స్కంధం చెప్పమని నిర్వాహకులు కోరారు. ఈసారి ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను.